మలుపు దగ్గర ఆగిన బ్యాండు

పుంగనూరులో ఆ బడికి శనివారం పూట పిల్లలు పుస్తకాల బ్యాగులు తేనక్కరలేదు. ఆ రోజు పాఠాలు పక్కన పెట్టి చేతిపనులూ ఆటపాటలూ నేర్పిస్తారు. ఒక గదిలో బంకమట్టి బొమ్మలు, ఒక గదిలో కుట్టుపూలు, వరండాలో చదరంగం. మిగతా రోజుల్లో కాళ్ళీడ్చుకుంటూ వచ్చే వెంకటముని కూడా శనివారం గేటు తీయకముందే వచ్చి నిలబడతాడు.

ఆ ఏడు బడికి మదనపల్లె నుంచి బ్యాండు సామాను వచ్చింది. పొట్టకు కట్టుకునే పెద్ద డ్రమ్ము, భుజానికి వేసుకునే చిన్న డ్రమ్ములు, ఇత్తడి తాళాలు, రెండు బూరలు. అట్టపెట్టెలు విప్పుతుంటే పిల్లలు ఈగల్లా మూగారు. విప్పడమైతే విప్పారు గానీ వాయించడం ఎవరికీ రాదు. డ్రిల్లు సారు శాంతిరాజు వాలీబాల్ మనిషి. ఆయనకు వచ్చిన వాద్యమల్లా మెడలో వేలాడే విజిలే.

"ఇప్పుడు దీన్నంతా ఏం జేసుకునేదిరా?" అన్నాడాయన తల గోక్కుంటూ.

ఎనిమిదో తరగతి జోయా చెయ్యెత్తింది. "మా అబ్బకు వచ్చు సార్. బ్యాండు మేస్త్రిగా ఉండినాడు."

అవును, జోయా నాన్న ముక్తియార్ మేస్త్రిగా ఉండేవాడే. ముక్తియార్ బ్యాండు లేకుండా పుంగనూరు చుట్టుపక్కల పెండ్లి జరిగేది కాదని చెప్పుకునే రోజులు ఒకప్పుడు ఉండేవి. తర్వాత ఇంటెత్తు డీజే పెట్టెలు వచ్చాయి. బ్యాండు వాళ్ళు తలా ఒక దిక్కు అయిపోయారు. ముక్తియార్ ఒక చిన్న ట్రాలీ ఆటో చూసుకుని, తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్టుకు టమోటా పెట్టెలు తోలుతున్నాడు.

శాంతిరాజు సారు ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి పోయాడు. ముక్తియార్ వాకిట్లో ఆటో కడుగుతున్నాడు.

"ఏమప్పా ముక్తియార్, బ్యాండు గుర్తుండాదా, మరిసిపోయినావా?"

"చెయ్యి యాడ మరుస్తాది సార్? పిలిసేవాళ్ళే మరిసిపోయినారు."

"అయితే మేము పిలస్తాండాము, రా. శనివారం మధ్యాన్నం."

లోపల గుమ్మం పక్కన నిలబడి వింటున్న జోయాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. వాళ్ళ నాన్న ఊఁ అన్నాడు. ఇక ఆ డ్రమ్ముల్లో ఒకటి తనదే అనుకుంది.

శనివారం ముక్తియార్ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. గది బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చి, డ్రమ్ములను ఒక మూలకు జరిపించాడు. "ముందు నోరు. నోట్లో లేని దరువు చేతికి రాదు. అనండి, డర్ర డక్క, డర్ర డక్క." పిల్లలు నవ్వుకుంటూ అన్నారు. తర్వాత బెంచీలమీద అరచేతులతో కొట్టించాడు. గది అదిరిపోయింది. పక్క గదిలో మట్టి బొమ్మలు చేసేవాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు.

గంటసేపు అట్లా కొట్టించి, ఒక్కొక్కరి చేతులూ చూసి సామాను పంచాడు. పెద్ద డ్రమ్ము వెంకటమునికి. తాళాలు ముద్దుకృష్ణకు. వరుసలో జోయా కడపట నిలబడి ఉంది. అందరికంటే బాగా కొట్టింది తనేనని తనకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఇంట్లో గిన్నెమీద, కిటికీ చెక్కమీద ఆ దరువులు కొట్టుకుంటూ పెరిగిన పిల్ల. ముక్తియార్ చిన్న డ్రమ్ములు ఇచ్చుకుంటూ వచ్చి, కూతురి దగ్గర ఆగకుండా వెనక్కి తిరిగాడు.

"సాలు సార్, అందరూ వచ్చేసినారు."

"ఇంకొక డ్రమ్ము ఉండాది కదప్పా. మీ పాప కూడా ఉండాదే."

"ఆ పాపకు కుట్టుపని బాగా వస్తాది సార్. ఆడికి పంపించండి." అంటూ ఆ మిగిలిన డ్రమ్మును, చూడ్డానికి వచ్చి తలుపు దగ్గర నిలబడిన ఎవాంజెలిన్ అనే పిల్ల భుజానికి తగిలించాడు.

జోయాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు. ఆ సంగతి వాళ్ళ నాన్నకూ తెలుసు.

ఇంటికి పోయిన తర్వాత ఆ పిల్ల గోడ వైపు తిరిగి కూర్చుంది. వాళ్ళమ్మ రజియా అనపకాయలు వలుస్తూ ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏమైంది మీ ఇద్దరికీ? తండ్రీ బిడ్డలు సెరొక గోడను సూస్తాండారు."

"అమ్మీ, ఆడపిల్లలకు డ్రమ్ము ఇయ్యరంట," అంది జోయా ఎత్తిపొడుపుగా.

"నేను ఆ మాట అన్నానా?" అన్నాడు ముక్తియార్. "ఎవాంజెలిన్ ఆడపిల్ల కాదా? ఆ పాపకు ఇయ్యలేదా?"

"మరి నాకు యాల ఇయ్యలేదు?"

 ఆయన వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

"సూడు బేటీ. ఆ పాప వాళ్ళమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సమ్మ. ఆ పాప డ్రమ్ము కొడితే, ఎంత బాగా కొడతాండాది అంటారు. నువ్వు కొడితే, బ్యాండు మేళగాని కూతురు కాబట్టి కొడతాండాది అంటారు. వాళ్ళకు అది ఆట. నీకు అదే పేరైపోతాది. గంగవరంలో ఒకసారి పెండ్లికి పొద్దున నుంచి వాయించినాము. బంతులన్నీ లేసినంక మమ్మల్ని జనరేటరు ఎనక కూర్చోబెట్టి అన్నం పెట్టినారు. ఆ పొద్దు నువ్వు నా ఒళ్ళోనే ఉండావు. నీకు గుర్తుండదులే. నాకుండాది."

రజియా చేతిలోని అనపకాయ అట్లాగే ఆగిపోయింది.  కోపమొస్తే అరవచ్చు, అలగచ్చు. ఇట్లా ప్రేమగా తలుపు మూస్తే ఏం చేయాలో జోయాకు తోచలేదు.

కుట్టుగది బ్యాండు గది పక్కనే. శనివారం వస్తే జోయా కిటికీ దగ్గర కూర్చునేది. అవతల డర్ర డక్క అంటే ఇవతల సూది గుడ్డలోకి దిగేది. దరువు వేగమైతే కుట్లు దగ్గర దగ్గరగా పడేవి, నెమ్మదిస్తే దూరంగా పడేవి. కుట్టు నేర్పే వరమ్మ టీచరు ఆ రుమాలు ఎత్తి వెలుతురులో చూసి నవ్వేసింది.

"ఏందిమే ఇది, పువ్వు కుట్టమంటే రైలుపట్టా ఏసినావు?"

"అది మల్లెతీగ టీచర్."

"సరేలే. తీగకు కూడా తాళముండాది."

ఆమెకు సంగతి తెలియక కాదు. తెలిసీ, కిటికీ దగ్గర కూర్చోవద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఎవాంజెలిన్‌కు డ్రమ్ము పుల్లలు చేతిలో నిలిచేవి కావు. ఒకరోజు అన్నాల గంట కొట్టిన తర్వాత నీళ్ళ కుళాయి దగ్గర జోయాను పట్టుకుంది. "ఒమే, మీ నాయన్ను మళ్ళీ మళ్ళీ అడగాలంటే నాకు భయంగా ఉండాది. ఆ డర్ర అనేది నాకు నువ్వు సూపించు." జోయా కంచం బోర్లించి రెండు చెంచాలతో చూపించింది. ఎవాంజెలిన్ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "నువ్వుండాల్సిన సోట నేనుండాను కదా," అంది మెల్లగా. "ఉండు, ఏమి ఇప్పుడు? మణికట్టు వదులు చెయ్యి," అంది జోయా.

అప్పటి నుంచి ముక్తియార్ నేర్పింది శనివారం, జోయా దిద్దింది మిగతా రోజులు. ఎవాంజెలిన్ చెయ్యి ఎట్లా కుదురుకుందో ముక్తియార్ అడగలేదు. బిడ్డల చేతులు చూసి గురువును చెప్పగలిగినవాడు, అడగలేదంటే ఏమనుకోవాలి?

చెయ్యి కుదిరాక నడక మొదలైంది. బడి మైదానం చిన్నది కాబట్టి వెనక వీధుల్లో తిప్పేవాడు. అక్కడే జరిగింది పొరపాటంతా. కానీ అది పొరపాటని అప్పుడు ఎవరికీ తెలియదు.

ముక్తియార్‌కు తెలిసిన నడక పెండ్లి మెరవణి నడక ఒక్కటే. మెరవణి అంటే ఊరేగింపు, తిన్నగా పోయేది కాదు. వీధి మలుపు వచ్చిందంటే ఆగాలి. బ్యాండు వాళ్ళు వెనక్కి తిరిగి, పెండ్లికొడుక్కి ఎదురుగా నిలబడి, బంధువులు ఎగిరేటట్టు ఒక చుట్టు జోరుగా వాయించాలి. ఆ ఎగిరేది చాలనిపించినప్పుడు మేస్త్రి కదిలే దరువు కొడతాడు. అప్పుడు గుర్రమూ బ్యాండూ బంధువులూ కదులుతారు. పిల్లలకూ ఆయన అదే నేర్పించాడు. మలుపు రాగానే ఠక్కున ఆగి వెనక్కి తిరిగేవాళ్ళు, లేని పెండ్లికొడుక్కి ఒక చుట్టు వాయించేవాళ్ళు. పక్కన నడుస్తున్న ముక్తియార్ చేతిలోని ఖాళీ టమోటా పెట్టెమీద కర్రతో కదిలే దరువు కొట్టేవాడు. బ్యాండు మళ్ళీ నడిచేది.

వీధిలో వాళ్ళు పని మానుకుని గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. అంకమ్మ అనే ముసలామె ఒకరోజు చీర కొంగు దోపుకుని రెండు చిందులు కూడా వేసింది. శాంతిరాజు సారు చప్పట్లు కొట్టాడు. "సూసినారా, జనాన్ని కదిలించేదంటే ఇదీ!" అన్నాడు. ఆయనకు ఇంతకంటే తెలియదు, చెప్పాను కదా, వాలీబాల్ మనిషి.

మదనపల్లెలో మొదటి పోటీ జరిగింది. అక్కడ ఒక హాలులో అందరూ ఉన్నచోటనే నిలబడి వాయించాలి. మలుపుల్లేవు, కాబట్టి తంటా లేదు. పుంగనూరు పిల్లల దరువు విని పెద్దవాళ్ళు తలలూపారు. కుప్పంలో జరిగే పెద్ద పోటీకి వీళ్ళను ఎంపిక చేశారు.

కుప్పంలో బ్యాండుతో పాటు పిల్లల చేతిపనుల ప్రదర్శన కూడా ఉంది. వరమ్మ టీచరు రుమాళ్ళు మడిచి పెట్టుకుంటూ, "నాతో దారాలు సుట్టేదానికి ఒక మనిషి కావల్ల. జోయా, నువ్వు రా," అంది. కుట్టుగదిలో జోయాకంటే బాగా కుట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కరు కూడా నేనొస్తానని అడగలేదు.

కుప్పం మైదానం పెద్దది. చుట్టూ సున్నపు గీతలు, గీతల బయట తాడు. మైకులో ఒకాయన నియమాలు చెప్పాడు. తాడు లోపల బడిపిల్లలు తప్ప ఎవరూ ఉండకూడదు. బడుల బ్యాండులన్నీ ఒకదాని వెనక ఒకటి మైదానం చుట్టూ నడవాలి. ముక్తియార్ తాడు బయట, మొదటి మలుపు దగ్గర నిలబడ్డాడు. టమోటా పెట్టె వ్యానులోనే ఉంది. మైదానంలోకి పెట్టె తెస్తే బాగుండదని ఆయనకే అనిపించింది. దారపు ఉండలు చంకలో పెట్టుకుని జోయా వచ్చి పక్కన నిలబడింది.

పుంగనూరు పిల్లలు బయలుదేరారు. వెంకటముని పొట్టమీద పెద్ద డ్రమ్ము ఉరిమింది. ఎవాంజెలిన్ చెయ్యి తడబడలేదు. జోయా చూపుడువేళ్ళు రెండూ దారపు ఉండమీద ఆడుతున్నాయి. ముక్తియార్ ఒకసారి ఆ వేళ్ళను చూసి మైదానం వైపు తల తిప్పుకున్నాడు.

మలుపు వచ్చింది. పిల్లలు ఠక్కున ఆగారు. ఆగి, అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. వెనక వస్తున్న బడి బ్యాండు, కాళ్ళు బిగబట్టి కవాతు చేస్తూ వస్తున్నది కాస్తా, వీళ్ళకు ముఖాముఖి అయి నిలిచిపోయింది. వాళ్ళ ముందు నడిచే పిల్లవాడు చేతిలో వెండిరంగు కర్ర పట్టుకుని నోరు తెరిచాడు. పుంగనూరు వాళ్ళు వాణ్ణే పెండ్లికొడుకనుకున్నట్టు వాడి ఎదురుగా జోరుగా ఒక చుట్టు వాయించారు.

జనం ఈలలు వేశారు. చుట్టు అయిపోయింది. పిల్లలు పెట్టె చప్పుడు కోసం చూశారు. రాలేదు. ఏం చేయాలో తెలియక ఇంకొక చుట్టు వాయించారు. మళ్ళీ చూశారు. ఆ వెనక ఇంకొక బడి, దాని వెనక ఇంకొకటి వచ్చి ఆగాయి.

"పుంగనూరు బడి వాళ్ళు ముందుకు నడవాలి!" అని మైకు అరిచింది. శాంతిరాజు సారు అవతలి గట్టు నుంచి విజిల్ ఊదాడు. మైదానం నిండా విజిళ్ళే, ఎవరిదని గుర్తుపడతారు? వెంకటముని రెండడుగులు నడిచి, పక్కవాళ్ళు రాకపోయేసరికి వెనక్కి వచ్చాడు. ముద్దుకృష్ణ తాళాలు ఒక దారి, చిన్న డ్రమ్ములు ఒక దారి అయిపోయాయి. దరువు చెదిరిపోతోంది. ఎవాంజెలిన్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ముక్తియార్ రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. "నడవండి బిడ్డా, నడవండి!" అన్నాడు. ఈలల్లో ఆ మాట ఆయనకే వినిపించలేదు. 

"ఆగేది నేర్పినా," అన్నాడు తనలో తాను. "కదిలేది ఒక్కరికీ నేర్పలేదు. అది నా చేతిలోనే పెట్టుకున్నా."

ఇన్నేళ్ళూ కదిలే దరువు మేస్త్రి పక్కనుండి కొట్టేదే. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ రాలేదు.

"నాకు వచ్చు అబ్బా," అంది జోయా.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "తెలుసు," అన్నాడు.

తెలుసునన్నాడు గానీ పొమ్మనలేదు. జోయా బడి బట్టల్లో ఉంది, తాడు దాటి పోవచ్చు. పోయి ఉంటే ఎవరూ ఆపేవాళ్ళు కాదు. కానీ ఆ పిల్ల పోలేదు. నాన్న మొహాన్నే చూస్తూ నిలబడింది. ఆయన అక్కడి జనాన్నంతా ఒకసారి చూశాడు. ఎన్ని వేలమందో, ఆ కళ్ళన్నీ ఇప్పుడు ఆ మలుపుమీదే ఉన్నాయి. దేన్నుంచి బిడ్డను దాచాలని ఇన్నాళ్ళూ చూశాడో, అదంతా ఒక్కచోట కుప్పపోసినట్టుంది. లోపల చూస్తే తన మాట నమ్మి ఆగిన పిల్లలు.

ఆయన వంగి, తాడును పైకెత్తి పట్టుకున్నాడు.

జోయా దూరి పరుగెత్తింది. దారపు ఉండలు గడ్డిలో దొర్లాయి. ఎవాంజెలిన్ ఆమెను చూసి ఒక్క మాట కూడా అడగకుండా పట్టీ విప్పి డ్రమ్మును ఆమె భుజానికి వేసింది. "కొట్టుమే, తొందరగా కొట్టు!"

మొదటి దెబ్బ గట్టిగా పడింది. తర్వాత అంచుమీద రెండు, నడుమ ఒక ఉరుకు. కదిలే దరువు. పుంగనూరు పిల్లల కాళ్ళకు ఆ చప్పుడు తెలుసు. వెంకటముని మొహం వెలిగింది. అందరూ ముందుకు తిరిగారు, నడిచారు. తమాషా ఏమిటంటే, వెనకనున్న బడి పిల్లలు కూడా తమ బ్యాండు సంగతి మరిచిపోయి ఇదే దరువుకు అడుగులు వేశారు.

రెండో మలుపు వచ్చింది. అలవాటైన కాళ్ళు, మళ్ళీ ఆగాయి. ఈసారి జనం కేకలు వేసి ఎగిరారు. జోయా ఒక చుట్టు కానిచ్చి కదిలించింది. ఆ తర్వాతి మలుపు దగ్గరా అంతే. ఎవాంజెలిన్ ఖాళీ చేతులతో పక్కన నడుస్తూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఉంది.

బహుమతి రాలేదు. వస్తుందని ఎవరూ అనుకోలేదు కూడా. తీర్పరుల్లో ఒక పెద్దమనిషి వీళ్ళ దగ్గరికి వచ్చి, "ఏమప్పా, ఇది కవాతా, పెండ్లి మెరవణా? మా మైదానంలో పెండ్లికొడుకు యాడుండాడు?" అన్నాడు. కోపంగా అనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. శాంతిరాజు సారు నవ్వాలో తల దించుకోవాలో తెలియక రెండూ చేశాడు.

"కడాకు వచ్చి కొట్టింది, ఆ పాప ఎవరు?" అని అడిగాడు పెద్దమనిషి.

"మా బ్యాండు మేస్త్రి కూతురు సార్!" అన్నాడు వెంకటముని గొప్పగా.

ముక్తియార్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. పడడం జోయా చూసింది.

"పేరేందమ్మా?"

"జోయా సార్. ఎనిమిదో తరగతి."

"ఎవరు నేర్పినారు నీకు?"

"మా అబ్బ," అంది, చెయ్యెత్తి చూపిస్తూ. "ఆయనే."

పెద్దమనిషి ముక్తియార్ వైపు చూసి, "వచ్చే ఏడు మలుపులు తీసేసి ఈ పిల్లోళ్ళను పిలసకరాప్పా," అని నవ్వుకుంటూ పోయాడు. ముక్తియార్ చొక్కా సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు.

తిరుగుదారిలో వ్యానులో పిల్లలు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే ఉన్నారు. "రేయ్ వెంకటమునీ, ఆ కర్ర పట్టుకున్న పిల్లోడికి కట్నమేమిచ్చినావు?" "నేను తిరిగి నడిచినానురా, మీరే రాలేదు!" బైరెడ్డిపల్లె దాటేసరికి అరిచి అరిచి అలసిపోయి ఒకరిమీద ఒకరు వాలిపోయారు. వరమ్మ టీచరు మట్టికొట్టుకుపోయిన దారపు ఉండలను ఒళ్ళో పెట్టుకుని చిక్కు తీస్తోంది. జోయాను ఒక్క మాట అనలేదు.

ముందు సీటులో కూర్చున్న ముక్తియార్ లేచి, కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. జోయా పక్కన వాలిన ఎవాంజెలిన్‌ను మెల్లగా అవతలికి జరిపి కూర్చున్నాడు.  కిటికీ బయట పలమనేరు మామిడితోటలు వెనక్కి పోతున్నాయి.

"ఆ సార్‌తో నేను నేర్పినానని సెప్పినావు," అన్నాడు. "నేనెప్పుడు నేర్పినా నీకు?"

"నేర్పలేదు."

"ఆ. అందుకే ఎడమ చెయ్యి బరువుగా పడతాండాది."

జోయా తల తిప్పి చూసింది. ఆయన ఆమె ఎడమ చేతిని తన మోకాలిమీదికి తీసుకుని, మణికట్టు కింద రెండు వేళ్ళు ఆనించి పట్టుకున్నాడు.

"వదులు చెయ్యి. ఇంకా. ఆ, అట్లా. ఇప్పుడు కొట్టు."